తెలుగు సాహిత్యం పేపర్లో పెన్ను కదిలేముందు మూడు నిమిషాలు

యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్ (ఐచ్ఛిక సబ్జెక్టు)గా తీసుకున్నవాళ్లు ప్రాక్టీసు కోసం రాసే జవాబుల్లో ఒక మొదటి వాక్యం పదే పదే ఎదురవుతుంది: "ఆధునిక తెలుగు సాహిత్యానికి యుగకర్త అయిన గురజాడ వేంకట అప్పారావు 1862లో జన్మించారు." అడిగింది 'దిద్దుబాటు' కథలోని శిల్పం గురించి. పుట్టిన సంవత్సరానికీ శిల్పానికీ ఏ సంబంధమూ లేదు. కథ తెలియక అలా రాశారా అంటే అదీ కాదు, రెండో పేజీకి వచ్చేసరికి మంచి మాటలే పడతాయి. ఏం చెప్పాలో తేల్చుకోకముందే పెన్ను కదిలింది, అంతే. తేలేదాకా చేతికి ఏదో పని కావాలి కాబట్టి కవి పరిచయం వచ్చి కూర్చుంది.

ఆ తేల్చుకోవడం పరీక్ష హాల్లో ఎలా చేయాలి, దానికి ఎంతసేపు ఇవ్వాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నదే ఈ టపా. ఉదాహరణలు ఆప్షనల్ సిలబస్‌లోవే. డిగ్రీలో, ఎమ్మేలో తెలుగు రాసేవాళ్లకు మార్కుల లెక్క మారుతుంది కానీ పని ఇదే.

ముందు గడియారం సంగతి. ఒక్కో పేపరు 250 మార్కులు, మూడు గంటలు. ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాయాలి. ఒకటీ ఐదూ తప్పనిసరి, వాటిలో ఒక్కోదానికి పదేసి మార్కుల బిట్లు ఐదు. మిగతా ఆరింటిలో మూడు ఎంచుకోవాలి, ప్రతి సెక్షన్ నుంచీ కనీసం ఒకటి ఉండాలి. ఇవి మామూలుగా 20, 15, 15గా విడిపోతాయి. 180 నిమిషాల్లో పేపరు చదివి ఎంచుకోవడానికి 8, చివర్లో సరిచూసుకోవడానికి 4 తీసేస్తే 168 మిగులుతాయి. అంటే పది మార్కుల బిట్టుకు ఆరు నిమిషాల ముప్పావు, పదిహేనుకు పది, ఇరవైకి పదమూడున్నర.

ఇందులో ప్రణాళికకు, అంటే రాసేముందు ఆ తేల్చుకోవడానికి, నా లెక్క ఇది: పది మార్కులకు ఒక నిమిషం, పదిహేనుకు రెండు, ఇరవైకి మూడు. అన్నీ కలిపితే 31 నిమిషాలు. మూడు గంటల్లో అరగంట రాయకుండా ఉండాలా అని భయం వేస్తుంది. ప్రణాళిక లేకుండా రాసిన మీ పాత జవాబు ఒకటి తీసి, ప్రశ్నకు సంబంధం లేని వాక్యాల కింద పెన్సిల్ గీత పెట్టి చూడండి. ఆ గీతలకు పట్టిన సమయం మూడు నిమిషాలకన్నా ఎక్కువే ఉంటుంది.

పది మార్కుల బిట్టుకు 150 మాటలు అని ఉంటుంది. ఒక నిమిషం ఆలోచనకు పోతే మిగిలినదాంట్లో 150 మాటలు రాయాలంటే నిమిషానికి 26 మాటలు పడాలి. తెలుగు చేతిరాతలో అది తేలిక కాదు, పైగా మన మాటలు సమాసాలతో, ప్రత్యయాలతో పొడుగ్గా ఉంటాయి. 150 అనేది హద్దు. దాన్ని ముట్టుకుని తీరాలని లేదు. 110, 120 మాటల్లో పని తేలిపోతే అక్కడితో ఆపేయడమే మంచిది.

ఎంపిక దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. 20 మార్కుల ప్రశ్న బాగా వచ్చినదైతే వెంటనే దానికి టిక్కు పెట్టేస్తారు. కింద ఉన్న రెండు పదిహేనుల్లో ఒకటి అసలు చదవని పాఠ్యం అయివుంటుంది. ఎంచుకునేది మొత్తం 50 మార్కులని. మూడు బిట్లకూ పక్కన ఒక్కో అంకె వేయండి: పాఠ్యంలోంచి నిర్దిష్టంగా చెప్పగలిగిన విషయాలు ఎన్ని ఉన్నాయో ఆ అంకె. 'గొప్పగా వర్ణించాడు' లాంటివి లెక్కలోకి రావు. ఒక సన్నివేశమో, ఒక పద్యపాదమో, ఒక పాత్ర అన్న మాటో ఉంటేనే ఒకటి. 5, 1, 2 వచ్చిన ప్రశ్నకన్నా 3, 3, 3 వచ్చిన ప్రశ్నే మేలు.

ఇక ప్రశ్న చదవడం. తెలుగు ప్రశ్నల్లో ఉచ్చు ఎక్కువగా సమాసంలో ఉంటుంది. 'వస్తు రూపాలను చర్చించండి' అన్నారంటే అది ద్వంద్వ సమాసం, అంటే రెండు ప్రశ్నలు. వస్తువు గురించి ఒకటిన్నర పేజీ రాసి రూపానికి చివర్లో రెండు వాక్యాలు పెడితే సగం ప్రశ్న వదిలేసినట్టే. ద్వంద్వం కనబడగానే మధ్యలో అడ్డగీత గీసి రెండు ముక్కలు చేయాలి. ప్రణాళికలోనూ రెండు భాగాలు ఉండాలి.

ఇంకొక ఉచ్చు చివరి పదం. 'ద్రౌపది పాత్ర' వేరు, 'ద్రౌపది పాత్ర చిత్రణ' వేరు. మొదటిదానికి ఆమె ఎలాంటిదో చెప్పాలి. రెండోదానికి కవి ఆమెను ఎలా నిలబెట్టాడో చెప్పాలి: ఎవరెవరు మాట్లాడాక మాట్లాడించాడు, ఏ క్రియలు వాడించాడు, ఏం చూపించాడు, ఏం చూపించకుండా వదిలాడు. 'కథ' అడిగితే సంఘటనలు, 'కథాశిల్పం' అడిగితే ఆ సంఘటనల అమరిక. 'దృక్పథం' అడిగినచోట శైలి గురించి రాసి, 'శైలి' అడిగినచోట దృక్పథం గురించి రాసినవాళ్ల జవాబులు విడిగా చూస్తే బాగానే ఉంటాయి. మార్కులు మాత్రం రావు. 'సమర్థించండి' అంటే మీరు ఆ పక్షాన నిలబడాలి, ఎదుటివాదానికి ఒక పేరా చాలు. 'ఎంతవరకు' అంటే మాత్రం హద్దు ఎక్కడో మీరే గీసి చూపాలి. 'ఇంతవరకు నిజం, ఇక్కడినుంచి కాదు' అన్న వాక్యం లేని జవాబు ఆ ప్రశ్నకు జవాబే కాదు.

ఇప్పుడు అసలు పని. ప్రణాళిక అంటే తెలిసిన విషయాల జాబితా అనుకుంటారు చాలామంది. జాబితా వేయడం తేలికే, దానితో వచ్చే లాభమూ అంతంతే. ప్రణాళికలో మొట్టమొదట రాయాల్సింది ఒకే ఒక్క వాక్యం: ఈ ప్రశ్నకు నా జవాబు ఏమిటి? అది రాకపోతే పాయింట్లు రాయకండి. ఆ వాక్యం తేలాక పాయింట్లు వాటంతటవే రెండు కుప్పలు అవుతాయి, దానికి పనికొచ్చేవీ రానివీ. రానివి ఎంత ఇష్టమైనవైనా పక్కన పెట్టేయాలి.

ఒక 20 మార్కుల ప్రశ్న కల్పించుకుందాం: "'దిద్దుబాటు' కథలో దిద్దుబాటు ఎవరికి? గురజాడ సంస్కరణ దృక్పథం ఆధారంగా చర్చించండి." కథ అందరికీ తెలిసిందే. మీటింగులని చెప్పి రాత్రుళ్లు సానివాళ్ల పాటకు వెళ్లే గోపాలరావు ఒక రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చి తలుపు తడతాడు. భార్య కమలిని ఉండదు, ఆమె లేఖ ఉంటుంది. నౌకరు రాముడితో సంభాషణ, పశ్చాత్తాపం, చివర్లో మంచం కిందనుంచి నవ్వు.

మూడు నిమిషాల్లో కాగితం మీద పడాల్సింది ఇంతే:

మాట: దిద్దుబాటు సంస్కర్తకే. ఉపన్యాసంతో కాదు, భార్య చదువుతో, నవ్వుతో.
1. మీటింగు = సానిపాట
2. లేఖ: ప్రియా, అయ్యా, పెయ్య
3. రాముడి ప్రశ్న, 'బెటర్ హాఫ్'
4. మంచం కింద నవ్వు, శిక్ష లేదు
5. హద్దు: సతి కర్తవ్యం
6. కన్యా. సౌజన్యా-మధుర

ఇందులో పూర్తి వాక్యం మొదటిది ఒక్కటే. మిగతావి గుర్తులు. మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఒక్కో గుర్తు ఎందుకు నిలిచిందో చూడండి.

మొదటిది ఆరోపణ. స్త్రీ విద్య గురించి, సంఘం గురించి పెద్ద మాటలు చెప్పే మనిషి లోకహితం పేరు చెప్పి ఇంట్లో అబద్ధం ఆడుతున్నాడు. దిద్దుబాటు అవసరమైంది ఎవరికో ఇక్కడే తేలిపోతుంది.

రెండోది ఈ జవాబుకు గుండెకాయ. ఎప్పుడూ 'ప్రియా' అని మొదలుపెట్టే భార్య ఈసారి లేఖలో 'అయ్యా' అంది. ప్రియా పోయి అయ్యా వచ్చిందా అని గోపాలరావు వాపోతే, రాముడు 'పెయ్య పోయిందా బాబూ' అని అడుగుతాడు. హాస్యం అని రాసి వదిలేస్తారు చాలామంది. దీన్ని ప్రశ్నవైపు తిప్పాలి. ఒక్క సంబోధన మార్చి మొగుణ్ని నిలదీయగలగడం చదువు వచ్చినామెకే సాధ్యం. ఆ మార్పు పట్టుకుని విలవిల్లాడటం ఆ చదువు చెప్పించినవాడికే సాధ్యం. చదువు సంగతి తెలియని రాముడికి అది దూడ పోయిన కబురు. స్త్రీ విద్య ఏం చేయగలదో ఉపన్యాసం లేకుండా మూడు మాటల్లో చూపించేశాడు. శిల్పం అడిగిన ప్రశ్న అయితే ఇదే చోట ఇంకొకటి చెప్పాలి: లేఖ గ్రాంథిక ధోరణిలో, గోపాలరావు మాటలు చదువుకున్నవాడి వాడుక భాషలో, రాముడి మాటలు ఉత్తరాంధ్ర పలుకుబడిలో నడుస్తాయి. ఇక్కడ అడిగింది దృక్పథం కాబట్టి ఈ భాషల సంగతి వద్దు. వదలడం కష్టమే, ఎంతో మంచి పాయింటు. అయినా వద్దు.

మూడోది వ్యంగ్యం. ఆడవాళ్లకు చదువెందుకన్నట్టు రాముడు అడిగితే గోపాలరావు మూర్ఖుడా అని మందలించి, చదువుకున్న స్త్రీని మించింది సృష్టిలో లేదని, ఇంగ్లీషువాడు పెళ్లాన్ని 'బెటర్ హాఫ్' అంటాడని చెబుతాడు. భార్య ఇల్లు విడిచి పోయిందనుకున్న రాత్రి, నౌకరు ముందు! సిద్ధాంతం నాలుక మీద ఉంది, ఇంట్లో లేదు.

నాలుగు: గురజాడ గోపాలరావును శిక్షించలేదు. నవ్వించి, సిగ్గుపడనిచ్చి, ఇంటికి తెచ్చుకున్నాడు. ఇది దృక్పథానికి నేరుగా తగిలే పాయింటు.

ఐదోది హద్దు. కమలిని లేఖలో తన పనిని భర్త మేలు కోరే భార్య కర్తవ్యంగానే చెప్పుకుంటుంది. దిద్దుబాటు జరగాలంటే గోపాలరావు పశ్చాత్తాపపడాలి. అతను పడకపోయి ఉంటే? ఈ ప్రశ్న వేసిన జవాబుకూ వేయని జవాబుకూ తేడా ఉంటుంది. దీని చోటు ముగింపుకు ముందు. మొదట్లో పెడితే మీ వాదాన్ని మీరే కూల్చుకున్నట్టవుతుంది.

ఆరోది ఒకే వాక్యం. గురజాడ నాటకం కన్యాశుల్కం 1909 నాటి రెండో కూర్పు చివర్లో సానులంటే గిట్టని సంస్కర్త సౌజన్యారావు పంతులికి కళ్లు తెరిపించేది సాని అయిన మధురవాణి. మరుసటేడు, 1910లో వచ్చిన ఈ కథలో గోపాలరావుకు కమలిని. రెండు చోట్లా పాఠం నేర్చుకునేది సంస్కర్తే. ఒకే రచనలోని విషయం రచయిత మొత్తం దృక్పథమని చెప్పడానికి ఇలాంటి వాక్యం ఒకటి చాలు. దీన్ని ముగింపులో వాడాలి. రెండో వాక్యం మొదలైతే మీరు వేరే ప్రశ్నకు జవాబు రాస్తున్నట్టు.

ఇక ప్రణాళికలోకి రానివ్వనివి: 1862, వీరేశలింగంతో సుదీర్ఘ పోలిక, ముత్యాల సరాలు, దేశభక్తి గేయం. 'దిద్దుబాటే తెలుగులో తొలి కథా' అన్న చర్చ కూడా. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చిందన్న విషయం కథానిక ఆవిర్భావం అడిగినప్పుడు తప్పనిసరి. ఇక్కడ మాత్రం ఆ మూడు వాక్యాలు మూడు నిమిషాలు తినేస్తాయి.

కొలతలు చూద్దాం. మూడు పోతే పదిన్నర నిమిషాలు మిగిలాయి. 200, 220 మాటలు పడతాయి. మొదటి పేరా 30 మాటలు, అందులో మొదటి వాక్యమే ప్రణాళికలో రాసుకున్న 'మాట'. రెండో పాయింటుకు 60, మిగతావాటికి 25 నుంచి 35. అన్నిటికీ సమానంగా పంచకండి. బలమైన పాయింటుకు రెట్టింపు చోటు ఇచ్చారంటే దేని విలువ ఎంతో మీకు తెలుసన్న సంగతి చదివేవాళ్లకు తెలుస్తుంది. కథ చెప్పే వరుసలో పాయింట్లు పెట్టడం అలవాటుగా జరిగిపోతుంది. అప్పుడు జవాబు కథాసంగ్రహంలా తయారవుతుంది. ఈ కథలో వరుస కొంత కలిసొచ్చింది కానీ పెద్ద కావ్యాల దగ్గర అలా కలిసిరాదు.

ఇప్పుడు పది మార్కుల సంగతి. రెండో పేపర్లో తప్పనిసరి ప్రశ్న తరచూ సందర్భసహిత వ్యాఖ్య, అంటే పద్యమో వాక్యమో ఇచ్చి సందర్భం చెబుతూ వివరించమనడం. దీనికి ఒక నిమిషంలో నాలుగు గళ్లు నింపుకుంటే చాలు: ఎవరు ఎవరితో, ఎక్కడ, సారం, విశేషం. మొదటి రెండూ కలిపి రెండు వాక్యాలు, సారం రెండు వాక్యాలు, మిగిలినదంతా విశేషానికి. ఎక్కువమంది చేసేది దీనికి తలకిందులు. పద్యానికి ప్రతిపదార్థంలా వచనం రాసి, చివర్లో 'ఇందులో అలంకారం బాగుంది' అని ముగిస్తారు.

తిక్కన ఉద్యోగపర్వం మూడో ఆశ్వాసంలో ద్రౌపది పద్యం తీసుకోండి:

వరమునఁ బుట్టితిన్, భరతవంశము సొచ్చితి, నందుఁ బాండుభూ
వరునకుఁ గోడలైతి, జనవంద్యులఁ బొందితి, నీతివిక్రమ
స్థిరులగు పుత్త్రులం బడసితిన్, సహజన్ముల ప్రాపుఁ గాంచితిన్,
సరసిజనాభ! యిన్నిటఁ బ్రశస్తికి నెక్కినదాన నెంతయున్

ఎవరు ఎవరితో: ద్రౌపది కృష్ణుడితో. ఎక్కడ: కృష్ణుడు రాయబారానికి బయలుదేరే ముందు, భీముడంతటివాడు కూడా సంధి మాట ఎత్తాక. సారం: పుట్టుక, వంశం, అత్తిల్లు, భర్తలు, కొడుకులు, తోబుట్టువులు, ఏ లోటూ లేనిదాన్ని. విశేషం గడిలో రాసుకోవాల్సిన గుర్తు: 'ఆరు క్రియలు, అన్నీ నేను; పొగడ్త కాదు, మెట్లు.' పుట్టితిన్, సొచ్చితి, కోడలైతి, పొందితి, పడసితిన్, కాంచితిన్ అంటూ ఆరు మెట్లు ఎక్కించి 'ప్రశస్తికి నెక్కినదాన' అనిపించాడు. ఆ తర్వాత సభలో జరిగిన అవమానం మాట రాగానే వినేవాడు అంత ఎత్తునుంచి కింద పడతాడు. ఇక్కడ తిక్కన నాటకీయత అంటే ఇదే. ఈ ఒక్క విషయం విప్పి చెబితే విశేషం పూర్తయింది. 'తిక్కన ఉభయకవిమిత్రుడు, హరిహరనాథ తత్త్వాన్ని ప్రతిపాదించాడు' అన్న వాక్యాలకు ఇక్కడ చోటు లేదు.

పద్యాలు ఉదహరించడం కూడా ప్రణాళికలోనే తేలాలి. ఒక చంపకమాల పూర్తిగా రాయడానికి, అరసున్నలూ ద్రుతాలూ చూసుకుంటూ రాస్తే, ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పోతాయి. పదమూడున్నర నిమిషాల జవాబులో ఒక పూర్తి పద్యానికి మించి పట్టదు. పదిహేను మార్కుల జవాబులో ఒక పాదం, పదింటిలో ఒక పదబంధం. రాసిన పద్యం గురించి కనీసం ఒక వాక్యం వ్యాఖ్యానం ఉండాలి. లేకపోతే అది అలంకారానికి పెట్టినట్టే ఉంటుంది.

పద్యం సరిగ్గా గుర్తుందో లేదో హాల్లోనే పరీక్షించుకోవచ్చు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు) 11వ అక్షరం. ఉత్పలమాలకు 20 అక్షరాలు, యతి 10వ అక్షరం. పై పద్యంలో మొదటి పాదం 'వ'తో మొదలై 11వ అక్షరం 'వం' దగ్గర కలుస్తుంది. మూడో పాదంలో 'స్థి'కి 'తిన్', నాలుగో పాదంలో 'స'కు 'శ'. ప్రాసాక్షరం, అంటే పాదంలో రెండో అక్షరం, నాలుగు పాదాల్లోనూ రేఫ (ర). మీకు గుర్తొచ్చిన పాదంలో యతి కుదరడం లేదంటే ఎక్కడో ఒక మాట జారిపోయింది. అలాంటప్పుడు సొంత మాటతో అతుకు వేయకండి. పేపరు దిద్దేవాళ్లు తెలుగు పండితులు, యతి తప్పితే చెవికే తెలిసిపోతుంది. గుర్తున్న పదబంధం మాత్రం ఉటంకించి మిగతా భావం వచనంలో చెప్పేస్తే ఎవరూ తప్పు పట్టరు.

తులనాత్మక ప్రశ్నల దగ్గర ప్రణాళిక లేకపోతే జవాబు రెండు వేర్వేరు వ్యాసాలుగా విరిగిపోతుంది. కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం'లోని ఆత్మాశ్రయతనూ (కవి తన అనుభూతినే వస్తువుగా చేసుకోవడం) శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని దృక్పథాన్నీ పోల్చమన్నారనుకోండి. ఒక పేజీ కృష్ణశాస్త్రికి, ఒక పేజీ శ్రీశ్రీకి ఇచ్చి, చివర్లో 'ఇద్దరూ మహాకవులే' అనేస్తారు. కాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు కవులు కాదు, పోలిక అంశాలు రావాలి: 'నేను' ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నాడు, దుఃఖం ఎక్కడినుంచి వచ్చింది, ఛందస్సుతో ఏం చేశాడు. ఒక్కో అంశం ఒక్కో పేరా, ప్రతి పేరాలో ఇద్దరూ ఉండాలి. మూడు అంశాలు చాలు. సంవత్సరాలు పని చేసేచోట మాత్రమే వాడండి. 'కృష్ణపక్షం' 1925. 'మహాప్రస్థానం' పుస్తకంగా 1950లో వచ్చినా గేయాలు ఎక్కువగా 1930ల నాటివి. ఈ తేడా చెప్పకపోతే మధ్యలో పాతికేళ్ల ఎడం ఉందని చదివేవాళ్లు అనుకుంటారు. 1928 నాటి 'ప్రభవ'లో శ్రీశ్రీ భావకవిత్వ ప్రభావంలోనే ఉన్నాడన్నది ఇక్కడ గట్టి పాయింటు. పోలికకు ఒక కదలిక వస్తుంది.

మొదటి పేపర్లో భాషాశాస్త్రం ప్రశ్నలకు ప్రణాళిక వేరే రకం. అక్కడ అభిప్రాయ వాక్యం అక్కర్లేదు, ముందు ఉదాహరణలు రాసుకోవాలి. తాలవ్యీకరణం ('ఇ', 'ఎ'ల ముందు 'క' ధ్వని 'చ'గా మారడం) అడిగితే కన్నడ 'కివి', తెలుగు 'చెవి' లాంటి జతలు కనీసం నాలుగు కాగితం మీద పడ్డాకే సూత్రం రాయడం మొదలుపెట్టండి. సూత్రం రాసేసి ఉదాహరణలకు తడుముకునేవాళ్లు ఆ ఒక్క బిట్టు మీద పది నిమిషాలు కూర్చుంటారు.

50 మార్కుల ప్రశ్నలో మూడు బిట్ల ప్రణాళికలూ ఒకేసారి వేసుకోవడం మంచిది. ఏడు నిమిషాలూ ఒక్కచోటే పెట్టండి. ఒకే కవిమీదో ఒకే కాలంమీదో రెండు బిట్లు వచ్చినప్పుడు ఒకే ఉదాహరణ రెండుసార్లు పడకుండా అప్పుడే పంచేసుకోవచ్చు.

బెడిసికొట్టేది ఎక్కడంటే, ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి, ప్రణాళికే చిన్న వ్యాసం అయిపోవడం. ఆరు పంక్తులు దాటితే ఆపేయండి. రెండు, ఇంట్లో బట్టీ పట్టిన జవాబు ప్రణాళికగా దిగిపోవడం. దీన్ని పట్టుకునే ఉపాయం సులువే. మీ మొదటి వాక్యంలో ప్రశ్నలోని ముఖ్యమైన మాట ఉందా? 'ఎవరికి' అని అడిగితే మీ వాక్యంలో ఒక మనిషి ఉండాలి. లేదంటే అది వేరే ప్రశ్నకు రాసిన జవాబు. మూడోది, రాస్తూండగా మరింత మంచి ఆలోచన రావడం. ఇది నిజంగా ఇబ్బందే. అది మీ 'మాట'ను బలపరిచేదైతే తర్వాతి పేరాలో చేర్చి, ప్రణాళికలో అన్నిటికన్నా బలహీనమైన గుర్తును కొట్టేయండి. 'మాట'కు అడ్డం వచ్చేదైతే హద్దు చెప్పే పేరాలో పెట్టండి. మొత్తం మొదటినుంచి మార్చే సాహసం మాత్రం వద్దు, సగం రాసిన జవాబు కొట్టేసి మళ్లీ రాయడానికి పదమూడున్నర నిమిషాల్లో చోటు లేదు.

సాధన ఎలాగంటే, పూర్తి జవాబులు వారానికి నాలుగైదు రాసినా చాలు, ప్రణాళికలు మాత్రం ఎక్కువ వేయాలి. పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. గంటలో పదిహేనూ ఇరవయ్యీ మార్కుల ప్రశ్నలు పన్నెండింటికి ప్రణాళికలు వేయొచ్చు, మధ్యలో ఊపిరి తీసుకున్నా సరే. వేశాక పుస్తకం తెరిచి ఒక్కో గుర్తు పాఠ్యంలో నిజంగా ఉందో లేదో చూడండి. కథలో లేని మాట పాత్ర నోట పెట్టినట్టు తేలుతుంది కొన్నిసార్లు, ముఖ్యంగా గైడ్లు చదివి నేర్చుకున్న పాఠ్యాల విషయంలో. మర్నాడు అదే ప్రణాళిక చూసి పదిన్నర నిమిషాల్లో జవాబు రాయగలిగితే గుర్తులు సరిపోయినట్టు. 'మంచం కింద నవ్వు' అన్నది చూసి ఏం చెప్పదలచుకున్నారో గుర్తు రాకపోతే ఆ గుర్తుకు ఇంకో మాట జతచేయాలి.

హాల్లో ప్రణాళికను జవాబు పుస్తకం చివరి పేజీలో, ప్రశ్న సంఖ్య వేసి రాసుకోండి. జవాబు రాసే పేజీలో పైన రాస్తే అదీ జవాబులో భాగంలా కనిపిస్తుంది. జవాబు అయిపోగానే ప్రణాళిక మీద అడ్డంగా గీత కొట్టేయండి. ఖాళీగా వదిలిన పేజీలను, పేజీల్లో మిగిలిన చోటును కొట్టేయాలన్న నిబంధన ఎలాగూ ఉంది, ఆ నాలుగు నిమిషాలు చివర్లో ఉంచుకున్నది దీనికీ కలిపే. కొట్టేయని ప్రయత్నం సగమే ఉన్నా ఒక ప్రశ్నకు జవాబుగా లెక్కలోకి వస్తుంది, లెక్క వరుసక్రమంలో సాగుతుంది. అంటే మధ్యలో వదిలేసిన ఆరో ప్రశ్న పూర్తిగా రాసిన ఎనిమిదో ప్రశ్నను లెక్కలోంచి తోసేయగలదు.

ఆఖరి ప్రశ్నకు పదిహేను నిమిషాలే మిగిలి, 50 మార్కులు బాకీ ఉంటే అప్పుడు కూడా రెండు నిమిషాలు ప్రణాళికకే ఇవ్వండి. మూడు బిట్లకు మూడు 'మాట' వాక్యాలు, ఒక్కోదానికి రెండేసి గుర్తులు. తర్వాత ఒక్కో బిట్టుకు నాలుగు నిమిషాల చొప్పున మొదటి వాక్యంగా 'మాట', రెండు పాయింట్లు పాఠ్యాధారంతో, ఆపేయడం. ఒక 20 మార్కుల జవాబు నిండుగా రాసి మిగతా 30 ఖాళీగా వదిలేయడంకన్నా ఇలా మూడూ ముట్టుకుంటేనే ఎక్కువ వస్తాయి.